లిన్సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి పడేయొద్దు, ఈ ఎండల్లో అస్సలొద్దు

మన తిరుపతి, చిత్తూరు సైడు ఎండాకాలం వచ్చిందంటే ఇళ్ళల్లో చెక్కపని మొదలైపోతుంది. పిల్లలకి సెలవులు, మే నెలలో గంగజాతర, చుట్టాలొస్తారని తలవాకిలికి పాలిష్ పెట్టించడం, పాత టేకు ఉయ్యాలకి నూనె పట్టించడం, కొంతమందైతే వీడియోలు చూసి సొంతంగా స్టూలో షెల్ఫో చేసుకోవడం. మంచిదే, చేసుకోండి. రంపం తగిలితే చెయ్యి తెగుతుందని, డ్రిల్లు వైరు షాక్ కొడుతుందని అందరికీ తెలుసు కాబట్టి అక్కడ జాగ్రత్తగానే ఉంటారు. ఎవరూ పట్టించుకోనిది పనంతా అయిపోయాక మిగిలే నూనె గుడ్డ. పాత లుంగీ ముక్కో బనీను ముక్కో ఉంటుంది కదా, దాన్ని ఉండ చుట్టి మూలకి విసిరేస్తే, అగ్గిపుల్ల గీయకపోయినా, నిప్పురవ్వ పడకపోయినా, దానంతటదే అంటుకోగలదు.

నమ్మబుద్ధి కాదు గానీ నిజం. పెయింట్ షాపులో అమ్మే లిన్సీడ్ ఆయిల్ అంటే అవిసె నూనే. అది నీళ్ళలాగా ఆవిరైపోయి ఆరేది కాదు, గాల్లో ఉండే ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, అలా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. చెక్క మీద పల్చగా పూసినప్పుడు ఆ వేడి గాలికి పోతుంది, మనకి తెలీను కూడా తెలీదు. గుడ్డని ఉండ చుడితే మాత్రం మధ్యలో పుట్టిన వేడి బయటికి పోలేదు, వేడెక్కే కొద్దీ నూనె ఇంకా స్పీడుగా గట్టిపడుతూ ఇంకా వేడి పుట్టిస్తుంది, అట్లా పెరిగి పెరిగి చివరికి కాటన్ గుడ్డ మాడి పొగొచ్చి మంటొస్తుంది. సరిగ్గా ఆరని గడ్డితో వామి వేస్తే లోపల కాలిపోయేంత వేడెక్కుతుంది చూడండి, కారణం వేరైనా వేడి లోపల ఇరుక్కునే తీరు అదే. ఇక డబల్ బాయిల్డ్ అని అమ్మేదాంట్లో తొందరగా ఆరాలని డ్రయర్లు కలిపుంటారు, కాబట్టి అది ఇంకా తొందరగా వేడెక్కుతుంది. మన కత్తెర ఎండల్లో రేకుల షెడ్డులోనో మిద్దె మీద గదిలోనో గాలి ముందే నలభై డిగ్రీలు దాటుంటుంది, అంటే గుడ్డ ముందే కొంత వేడెక్కి మొదలవుతుంది.

అసలు భయం ఏమిటంటే ఇది వెంటనే జరగదు. కొన్ని గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. సాయంత్రం పని ముగించి చేతులు కడుక్కుని అన్నం తిని పడుకున్నాక, ఇంట్లో ఎవరూ మేలుకోని టైములో జరుగుతుంది.

అమెరికాలో ఫిలడెల్ఫియా అనే ఊళ్ళో వన్ మెరిడియన్ ప్లాజా అని 38 అంతస్తుల బిల్డింగ్ ఉండేది. 1991 ఫిబ్రవరి 23న 22వ అంతస్తులో చెక్క పనికి వాడిన లిన్సీడ్ ఆయిల్ గుడ్డలు వదిలేసి వెళ్ళిపోయారు, అవి వాటంతటవే అంటుకున్నాయి. ముగ్గురు ఫైర్ సిబ్బంది చనిపోయారు. మంట పైకి పాకుతూ 30వ అంతస్తు దాకా పోయి, అక్కడ స్ప్రింక్లర్లు, అంటే మంటొస్తే పైకప్పు నుంచి వాటంతటవే నీళ్ళు చల్లేవి, ఉండబట్టి ఆగింది. మన ఇళ్ళల్లో స్ప్రింక్లర్లు ఎక్కడివి?

లిన్సీడ్ ఒక్కటే కాదు, చెక్కకి పట్టించే టంగ్ ఆయిల్, డానిష్ ఆయిల్, చాలా రకాల టీక్ ఆయిల్, ఆయిల్ బేస్ వార్నిష్, ఆయిల్ బేస్ వుడ్ స్టెయిన్ (చెక్కకి వేసే రంగు) అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. డబ్బా మీద సన్న అక్షరాల్లో రాసుంటుంది, చదవండి. డౌటుంటే అంటుకునేదే అనుకుని జాగ్రత్త పడండి, పోయేదేం లేదు.

ఇప్పుడు గుడ్డల్ని ఏం చెయ్యాలి. పని ఆపిన నిమిషమే, టీ తాగడానికి కూడా పోకముందే, ఒక్కో గుడ్డని పూర్తిగా విప్పి విడివిడిగా పరవాలి, మడత ఉండకూడదు, ఒకదాని మీద ఒకటి పడకూడదు. ఇంటి బయట నీడలో గాలాడే చోట ఇనప తీగ కట్టి క్లిప్పులతో వేలాడదీస్తే ఇంకా మంచిది. మిద్దె మీద సిమెంటు నేల మీద పరిచేవాళ్ళు నాలుగు మూలలా రాళ్ళు పెట్టండి, ఎందుకంటే ఎండాకాలం సాయంత్రం గాలి లేస్తుంది కదా, ఆ గాలికి గుడ్డలన్నీ ఎగిరి పిట్టగోడ మూలకి పోయి ఒక కుప్పైపోతాయి, మనం పరిచిందంతా వేస్ట్. చెక్క గుమ్మానికో ప్లాస్టిక్ కుర్చీకో తగిలించొద్దు. ఒక రోజుకో రెండు రోజులకో అప్పడంలా గట్టిపడి, చేత్తో పట్టుకుంటే ఎక్కడా జిడ్డు తగలకపోతే ఆరినట్టు.

అంత చోటు లేని అపార్ట్‌మెంట్ వాళ్ళు మూతున్న రేకు డబ్బాలో నీళ్ళు పోసి గుడ్డల్ని మునిగేట్టు వెయ్యండి. పైకి తేలితే అదిమి ముంచండి, మూత పెట్టి బయట ఉంచండి. ప్లాస్టిక్ కవర్లో కట్టి కిచెన్ డస్ట్‌బిన్‌లో వెయ్యడం మాత్రం వద్దే వద్దు. పొద్దున్నే చెత్త బండికి ఇచ్చేస్తే మన ఇంటి నుంచి పోతుంది గానీ, ఆ బండిలో కాగితాలూ అట్టపెట్టెల మధ్య నలిగి అది అక్కడ అంటుకుంటే పారిశుద్ధ్య కార్మికుల గతేంటి? గట్టిగా ఆరాకే ఇవ్వండి, లేదంటే నీళ్ళ డబ్బాతో సహా ఏంటో వాళ్ళకి చెప్పి ఇవ్వండి.

ఇంకో అలవాటు ఉంది మనకి, నేల మీద నూనె ఒలికితే పక్కనే ఉన్న రంపపు పొట్టు చల్లి ఊడ్చి గోతాంలో పోసేస్తాం. గుడ్డ కన్నా అది తక్కువేం కాదు, నూనె పట్టిన పొట్టు కుప్ప కూడా అట్లాగే వేడెక్కుతుంది. ఇసక చల్లండి. పని చేసేటప్పుడు వేసుకున్న ఆప్రాన్, కాటన్ గ్లౌజులు నూనెలో తడిసుంటే వాటినీ ఆరెయ్యాలి, బట్టల బుట్టలో కుక్కొద్దు.

స్పిరిట్ కలిపిన లక్క పాలిష్ సంగతి వేరు. ఆ గుడ్డ తనంతట తాను వేడెక్కదు, కానీ స్పిరిట్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది, ఎండలో ఆ మంట కంటికి సరిగ్గా కనపడదు కూడా. థిన్నర్ ఆవిరి కూడా ఇట్టే అంటుకుంటుంది. పాలిష్ జరిగే గదిలో, పక్క గదిలో కూడా దీపం, అగరబత్తి, గ్యాస్ స్టవ్ ఏవీ వెలిగించొద్దు. పెద్దవాళ్ళు సాయంత్రం దీపం పెట్టాలంటారు, వాళ్ళకి ముందే చెప్పి ఆ రోజు పని త్వరగా ముగించుకోండి.

ఆచారిని పిలిపించి చేయించుకునేవాళ్ళు కూడా సాయంత్రం ఆయన సామాను సర్దేటప్పుడు పక్కనే ఉండి, "ఆచారీ, ఆ నూనె గుడ్డలు ఎక్కడ పెట్టినావు, ఒకసారి చూపియ్యి" అని అడగండి. ఆయనేమీ అనుకోడు. కూడా వచ్చిన కుర్రోళ్ళే తొందరలో టూల్స్ సంచిలో కుక్కేస్తుంటారు, ఆ సంచి బండి డిక్కీలోనో మన మెట్ల కిందో రాత్రంతా ఉంటుంది.

ఎక్కడైనా ఘాటుగా మాడిన నూనె వాసనొచ్చినా, గుడ్డల ఉండ ముట్టుకుంటే వెచ్చగా ఉన్నా, విప్పి చూడొద్దు, గాలి తగిలితే భగ్గుమనొచ్చు. పట్టకారుతో ఎత్తి నీళ్ళ బకెట్‌లో పూర్తిగా ముంచెయ్యండి. డబ్బాలో నూనే మండుతుంటే మాత్రం నీళ్ళు పోయొద్దు, మంట చిమ్ముతుంది, అందేట్టుంటే రేకు మూత పక్క నుంచి జరిపి కప్పండి, లేదా పొడి ఇసక పొయ్యండి. మంట చెక్కకో కర్టెన్‌కో పాకిందంటే ఆర్పుతూ కూర్చోకుండా అందర్నీ బయటికి తీసుకొచ్చి 101కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యండి.