పాత చైన్‌సాకి మళ్లీ ప్రాణం, 6వ పాఠం: దొంగగాలి

ఈసారి మాగ్నెట్ (ప్లగ్‌కి కరెంటు పుట్టించే చక్రం) కింద ఉండే పాయింట్ల గురించి, అంటే నిప్పురవ్వ సమయాన్ని నడిపే చిన్న స్విచ్ గురించి రాస్తానన్నాను. అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయినసారి చెప్పినట్టు కార్బొరేటర్ కిట్ (లోపలి పొరలు, ప్యాకింగ్‌ల సెట్టు) మార్చుకున్నవాళ్లలో చాలామంది ఇంచుమించు ఒకే సంగతి రాశారు. మొదట్లో చక్కగా నడిచింది, వేడెక్కాక ట్రిగ్గర్ వదిలినా స్పీడు వెంటనే దిగడం లేదు, ఐడ్లింగ్ కాసేపు రేస్ అయి కాసేపటికి చచ్చిపోతోంది, ఎల్ స్క్రూ (తక్కువ స్పీడులో పెట్రోలు ఎంత పోవాలో సర్దేది) కాస్త విప్పితే సర్దుకుంటోంది, మర్నాడు మళ్లీ మొదటికే. ఇద్దరి రంపాల్లో పిస్టన్ వేడికి సిలిండర్‌లో బిగుసుకుని పట్టేసింది కూడా. అది చదివి చాలా బాధపడ్డాను, ఎందుకంటే స్క్రూలు ఎలా తిప్పాలో చెప్పాను గానీ ఎప్పుడు వాటి జోలికి పోకూడదో చెప్పలేదు.

ఇప్పుడు చెప్తున్నాను. ఎల్ స్క్రూ, హెచ్ స్క్రూ (ఎక్కువ స్పీడుకి పెట్రోలు సర్దేది) రెండూ పూర్తిగా బిగించి ఒక్కో చుట్టు విప్పితే పాత రంపం స్టార్టయి, వేడెక్కాక కొద్దిపాటి సర్దుబాటుతో కుదురుకోవాలి. ఎల్ స్క్రూ రెండు చుట్లు విప్పితే తప్ప నిలబడటం లేదంటే, లేదా నిన్నటి సెట్టింగ్ ఇవాళ పనిచేయడం లేదంటే, స్క్రూడ్రైవర్ కింద పెట్టేయండి. కిట్ సరిగ్గా వేశారనుకుంటే, కార్బొరేటర్ దాటాక ఇంజిన్ ఇంకెక్కడి నుంచో గాలి పీలుస్తోందన్నమాట. నేను దాన్ని దొంగగాలి అంటాను.

ఈ రంపాల్లో ఉండే టూ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్‌కేస్, అంటే పిస్టన్ కింద ఉండే మూసిన గది, కూడా ఒక పంపే. పిస్టన్ పైకి పోయేటప్పుడు కింద వాక్యూమ్ పుట్టి గాలీ పెట్రోలూ లోపలికి వస్తాయి, పిస్టన్ దిగేటప్పుడు అదే మిశ్రమం ఒత్తిడికి సిలిండర్‌లోకి ఎక్కుతుంది. నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 150 సార్లు పీల్చి, 150 సార్లు ఒత్తుతుంది. ఈ పంపుకి ఎక్కడ సందున్నా అక్కడి నుంచి ఉత్తగాలి దూరుతుంది, మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గిపోతుంది. ఆయిల్ వచ్చేది కూడా ఆ పెట్రోలుతోనే కాబట్టి వేడి పెరగడం, జిడ్డు తగ్గడం రెండూ ఒకేసారి జరుగుతాయి. పిస్టన్ మీద గీతలు ముందు సైలెన్సర్ వైపే పడతాయి, ఎక్కువ వేడెక్కేది ఆ వైపే గనక. సైలెన్సర్ విప్పి టార్చి వేసి చూస్తే కనిపిస్తాయి. చుట్టూతా గీతలుంటే మాత్రం ముందు ఆయిల్ కలపని పెట్రోలు పోశారేమోనని అనుమానించాలి.

ఒకరు ముందుజాగ్రత్తగా ఆయిల్ రెట్టింపు పోస్తున్నానన్నారు. అలా చేయకండి. అదే జెట్‌లోంచి (కార్బొరేటర్‌లో పెట్రోలు పోయే సన్న రంధ్రం) ఆయిల్ ఎక్కువ పోతే పెట్రోలు తక్కువ పోతుంది, మిశ్రమం ఇంకా పలచబడుతుంది. ట్యాంకు మీద 16:1 (16 వంతుల పెట్రోలుకి ఒక వంతు ఆయిల్) అని రాసి ఉన్నది ఆ కాలపు మినరల్ ఆయిల్‌కి. ఇప్పటి మంచి టూ స్ట్రోక్ ఆయిల్‌తో నేను పాతవాటన్నిటికీ 32:1 పోస్తాను, దానికి తగ్గట్టే ట్యూన్ చేస్తాను.

ఇంకో ముఖ్యమైన మాట. 1970లకి ముందు రంపాల్లో చాలావాటికి చైన్ బ్రేక్ లేదు. ఐడ్లింగ్ దానంతట అదే రేస్ అయితే క్లచ్ పట్టుకుంటుంది, మీరు ట్రిగ్గర్ ముట్టుకోకపోయినా చైన్ తిరుగుతుంది. అలాంటి రంపంతో దుంగ దగ్గరికి వెళ్లొద్దు. స్విచ్ ఆపినా ఆగకపోతే చోక్ లాగేయండి, పెట్రోలు ఎక్కువై ఉక్కిరిబిక్కిరై ఆగుతుంది.

పరీక్ష చేయకముందే కొంత తెలిసిపోతుంది. ఐడ్లింగ్‌లో రంపాన్ని ఒక పక్కకి వంచండి, తర్వాత రెండో పక్కకి. ఒక వైపు వంచినప్పుడే స్పీడు మారితే నా అనుమానం క్రాంక్ ఆయిల్ సీల్ మీదికి, అంటే క్రాంక్‌కేస్ నుంచి షాఫ్టు బయటికొచ్చే చోట సందు మూసే రబ్బరు రింగు మీదికి పోతుంది. కార్బొరేటర్‌ని చేత్తో కొద్దిగా ఊపితే మారిందంటే దాని వెనక రబ్బరు పగిలి ఉండొచ్చు, లేదా ప్యాకింగ్ పోయి ఉండొచ్చు. కొందరు నడుస్తున్న ఇంజిన్ చుట్టూ స్ప్రే కొట్టి స్పీడు మారుతుందా అని చూస్తారు. నాకది నచ్చదు. ఎర్రగా కాలుతున్న సైలెన్సర్ పక్కన మండే ద్రవం కొట్టడమే తప్పు, పైగా మాగ్నెట్ వెనక, క్లచ్ వెనక దాగిన సీళ్ల దాకా అది పోదు.

అసలు పరీక్షకి బ్రేకుల్లోంచి గాలి తీసే చేతి పంపు కావాలి, ప్రెషరూ వాక్యూమూ రెండూ ఇచ్చేది. కార్బొరేటర్ తీసి ఆ చోట రేకు ముక్కా రబ్బరూ పెట్టి బిగించండి. సైలెన్సర్ కింద పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టి దాన్ని మళ్లీ బిగిస్తే ఆ రంధ్రం మూసుకుంటుంది. పంపు గొట్టం స్పార్క్ ప్లగ్ రంధ్రానికి తగిలించి, పిస్టన్‌ని అడుగుకి దించండి, అప్పుడు సిలిండరూ క్రాంక్‌కేసూ ఒకటే గదిలా ఉంటాయి. కార్బొరేటర్‌కి పోయే ఇంపల్స్ గొట్టం (క్రాంక్‌కేస్ ఒత్తిడితో పెట్రోలు పంపుని ఆడించేది) విడిగా ఉంటే దాని చివర కూడా మూయండి. 0.5 బార్, అంటే సుమారు 7 పీఎస్‌ఐ ఎక్కించి 20 సెకన్లు చూడండి. అంతకన్నా ఎక్కువ ఎక్కించొద్దు, బాగున్న సీళ్లు కూడా బయటికి వచ్చేస్తాయి. గేజీ ముల్లు దిగుతుంటే సబ్బునీళ్లు రాయండి, బుడగలే చోటు చూపిస్తాయి.

ఇక్కడే అందరూ ఆగిపోతున్నారు, నాకు కోపం తెప్పించేది ఇదే. "ప్రెషర్ అయిదు నిమిషాలు నిలబడింది, లీకు లేదు" అని రాస్తారు, మళ్లీ స్క్రూలు తిప్పడం మొదలుపెడతారు. ప్రెషర్ నిలబడితే పరీక్ష సగమే అయింది. సీల్ పెదవి, అంటే షాఫ్టుని పట్టుకునే రబ్బరు అంచు, లోపలి వైపు తిరిగి ఉంటుంది. లోపలి నుంచి ఒత్తిడి పెడితే ఆ పెదవి షాఫ్టుని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. గట్టిపడి ఎండిపోయిన సీల్ కూడా ఆ తోపుకి అతుక్కుని మంచిదానిలా కనిపిస్తుంది. వాక్యూమ్ పెడితే బయటి గాలి అదే పెదవిని షాఫ్టు మీద నుంచి లేపుతుంది, అప్పుడు దాని అసలు స్థితి బయటపడుతుంది. దొంగగాలి లోపలికి దూరేది పిస్టన్ పైకి పోయే ఆ వాక్యూమ్ సమయంలోనే కదా, మరి ఆ సగాన్ని పరీక్షించకుండా ఎలా వదిలేస్తాం? పాత హోమ్‌లైట్, మెక్‌కల్లక్ కంపెనీల రంపాల్లో చాలావాటికి రీడ్ వాల్వ్ (గాలిని లోపలికి మాత్రమే పోనిచ్చే పల్చటి రేకు తలుపు) ఉంటుంది, వాటికి ఈ మాట రెండింతలు వర్తిస్తుంది. లోపల ప్రెషర్ పెడితే రీడ్ మూసుకుపోతుంది, రీడ్‌కీ కార్బొరేటర్‌కీ మధ్య ఉన్న జాయింటు దాకా ఆ ప్రెషర్ చేరనే చేరదు. అక్కడ పెద్ద పగులున్నా ముల్లు కదలదు. వాక్యూమ్ పెడితేనే రీడ్ తెరుచుకుంటుంది. కాబట్టి పంపు మీట వాక్యూమ్‌కి మార్చి అదే 0.5 బార్ లాగండి, గేజీలో అది సుమారు 15 అంగుళాల మెర్క్యురీ. లాగి ఉంచి, మాగ్నెట్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. షాఫ్టు ఒక చోట ఆగి ఉన్నప్పుడు పట్టుకున్న సీల్, తిరుగుతుంటే వదిలేయడం నేను చాలాసార్లు చూశాను. పిస్టన్ కదిలితే ముల్లు కొంచెం ఊగడం మామూలే, తిప్పడం ఆపాక ఎక్కడ నిలుస్తుందో చూడాలి.

నేను మొదట బాగుచేసిన పెద్ద రంపం ప్రెషర్‌లో కదలకుండా నిలబడింది. వాక్యూమ్ చూడలేదు. రెండో దుంగ సగంలో పిస్టన్ పట్టేసింది. విప్పి వాక్యూమ్ పెడితే నాలుగు సెకన్లలో ముల్లు సున్నాకి వచ్చింది, క్లచ్ వైపు సీల్ చేత్తో వంచితే విరిగేంత గట్టిగా ఉంది. అప్పటి నుంచి 30 ఏళ్లు దాటిన రంపం ఏది చేతికొచ్చినా రెండు సీళ్లూ ముందే మార్చేస్తున్నాను. మీరు మాత్రం మొదట పరీక్ష చేయండి, లేకపోతే లీకు చూడటం ఎప్పటికీ అలవాటు కాదు.

సీల్ మార్చడం చిన్న పనే. క్లచ్, మాగ్నెట్ విప్పడం మీకు వచ్చనుకుంటున్నాను. పాత సీల్‌ని కొక్కెంతో లాగేటప్పుడు షాఫ్టు మీద గీత పడకూడదు, పడితే కొత్త సీల్ కూడా కారుతుంది. సీల్ మీద మూడు అంకెలుంటాయి, లోపలి కొలత, బయటి కొలత, మందం. ఆ కొలతకే కొత్తది కొనండి. స్ప్రింగ్ ఉన్న వైపు లోపలికి. షాఫ్టు చివర ఉన్న థ్రెడ్ల మీద టేపు చుట్టి, పెదవికి గ్రీజు రాసి, సరిపడా సాకెట్‌తో తిన్నగా దించండి.

అభ్యాసం. రంపాన్ని స్టార్ట్ చేయకుండా ఈ వారమంతా పరీక్షకే కేటాయించండి. ప్రెషర్, వాక్యూమ్ రెండూ మాగ్నెట్ నాలుగు స్థానాల్లో పెట్టి, ఒక్కోదానికి 20 సెకన్ల తర్వాత ముల్లు ఎక్కడుందో నోట్‌బుక్‌లో రాయండి, అంటే ఎనిమిది అంకెలు. తర్వాత కార్బొరేటర్ వెనక రబ్బరు బిగించే స్క్రూల్లో ఒకటి కావాలనే అర చుట్టు వదులు చేసి మళ్లీ ఎనిమిదీ రాయండి. ఒక్క స్క్రూ వదులైతే వాక్యూమ్ ఎంత త్వరగా పడిపోతుందో చూశాక దాన్ని బిగించి, మూడోసారి రాయండి. మొదటి వరుసా మూడో వరుసా కలవకపోతే పంపు గొట్టమే లీకవుతుందేమో చూసుకోండి, నాకు రెండుసార్లు అలా జరిగింది. వాక్యూమ్ అంకెలు కుదిరాకే కార్బొరేటర్ తిరిగి ఎక్కించి, రెండు స్క్రూలూ ఒక్కో చుట్టు దగ్గర పెట్టి స్టార్ట్ చేయండి. దుంగ బయట ఫుల్ ట్రిగ్గర్‌లో శబ్దం కొద్దిగా గరగరలాడి, కోతలోకి దిగగానే శుభ్రపడేలా హెచ్ స్క్రూ పెట్టుకోండి. పాయింట్ల పాఠానికి 0.4 మిల్లీమీటర్ల ఫీలర్ గేజీ (సందు కొలిచే పల్చటి రేకు) దగ్గర ఉంచుకోండి.