చవక పనిముట్లు కొనొచ్చా? కొనే ముందు తేల్చుకోవడం ఎలా?

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం... ఏ ఊరి సంతకెళ్ళినా నేల మీద పట్టా పరిచి స్క్రూడ్రైవర్లు, పానాలు, ప్లయర్లు, టేపులు కుప్ప పోసి అమ్ముతుంటారు. ఒకసారి ఒడియాలో, ఒకసారి తెలుగులో ధర అరుస్తుంటారు. ఫోన్ తెరిస్తే నలభై ఆరు ముక్కల సెట్టు సగం ధరకే ఇస్తామంటారు. పక్కనున్న హార్డ్‌వేర్ షాపులో పేరున్న కంపెనీ ప్లయర్ ఒక్కటే ఆ సెట్టుకు దగ్గర దగ్గర ధర పలుకుతుంది. ఇంటి పనులకు ఏది కొనాలి?

కొన్ని చవకవి నిశ్చింతగా కొనొచ్చు. కొన్ని ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు. ఆ తేడా తెలుసుకోవడం మన జిల్లాల్లో మరీ అవసరం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను కుదిపేసింది. అలాంటి రోజుల్లో వడ్రంగి, ప్లంబర్, కరెంటు పనివాడు అందరికీ ఒకేసారి కావాలి, ఎవరికీ వెంటనే దొరకరు. రేకు బోల్టు బిగించడానికి ఇంట్లో పానా ఉన్నవాళ్ళు ఆ రాత్రి తడవకుండా పడుకోగలరు.

ముందు పనుల జాబితా రాయండి

పనిముట్ల జాబితా తర్వాత రాసుకోవచ్చు. గడిచిన ఏడాదిలో ఇంట్లో ఏమేం చెడిపోయాయో గుర్తు చేసుకోండి. కుళాయి కారడం, తలుపు గడియ ఊడడం, గోడకు మేకు కొట్టడం, మిక్సీ ప్లగ్గు మార్చడం... చాలా ఇళ్ళలో ఇంతే. వీటికి రెండు స్క్రూడ్రైవర్లు, ఒక ప్లయర్, ఒక స్క్రూపానా, సుత్తి, టేపు, హ్యాక్సా చాలు. నలభై ఆరు ముక్కల్లో మీరు ముట్టుకునేవి ఆరు కూడా ఉండవు. ఆ డబ్బుకే మంచివి మూడు కొనుక్కోండి.

ఒక్కో దాన్ని పట్టుకుని అడగండి: పని మధ్యలో ఇది విరిగితే ఏం పోతుంది?

ఈ ఒక్క ప్రశ్న ధర కన్నా బాగా దారి చూపిస్తుంది.

వస్తువు మాత్రమే పోతుందంటే చవకది కొనండి. పెయింటు బ్రష్షు, పుట్టీ పట్టే రేకు, బకెట్టు, ఎప్పుడో ఒకసారి వాడే క్లాంపు ఈ కోవలోకి వస్తాయి. టేపు కూడా అంతే. కొన్నప్పుడు ఇంట్లో ఉన్న మరో టేపుతో పక్కపక్కన పెట్టి చూసుకోండి. దాని కొస కొక్కెం కొద్దిగా వదులుగా కదులుతుంది, అది లోపం కాదు. లోపలి కొలతకూ బయటి కొలతకూ కొక్కెం మందమంత తేడా సరిపోవడానికే అలా చేస్తారు.

పని చెడుతుందంటే మధ్యరకం కొనండి. స్క్రూడ్రైవర్ విషయంలో చాలామంది ఇక్కడే నష్టపోతారు. మెత్తటి ఇనుప కొన స్క్రూ గాడిలో జారిపోయి గాడినే అరగదీస్తుంది. ఆ తర్వాత ఎంత మంచి స్క్రూడ్రైవర్ తెచ్చినా ఆ స్క్రూ రాదు, తలుపు చెక్క చెక్కాల్సి వస్తుంది. పానా అయినా అంతే. దవడ వదులైతే నట్టు మూలలు గుండ్రమవుతాయి.

మనిషికి దెబ్బ తగులుతుందంటే చవకది వద్దు. కరెంటు, ఎత్తు, గిరగిరా తిరిగేది, ఈ మూడింటితో బేరమాడకండి. అందుకే నిచ్చెన, టెస్టర్, గ్రైండర్ నమ్మకమైన షాపులోనే కొనాలి. నియాన్ టెస్టర్ వెనక బిళ్ళ మీద వేలు పెట్టినప్పుడు కరెంటు మన ఒంటి గుండానే పోతుంది. లోపలున్న రెసిస్టర్ దాన్ని మనకు తెలియనంత తక్కువకు ఆపుతుంది. 230 వోల్టులకూ మనకూ మధ్య అడ్డం ఆ చిన్న ముక్కే. అది నాసిరకమైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఎంత మంచి టెస్టరున్నా తడి చేతులతో ముట్టకండి, మెయిన్ ఆపకుండా తీగ పట్టుకోకండి.

గ్రైండర్ గురించి ఇంకో మాట. నాలుగంగుళాల గ్రైండర్లు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతాయి. చక్రం మీద రాసి ఉన్న గరిష్ఠ వేగం మీ మెషిన్ వేగం కన్నా ఎక్కువ ఉండాలి. కోత చక్రం మధ్యనున్న లోహపు రింగు మీద గడువు తేదీ కూడా ఉంటుంది. సంతలో దుమ్ము పట్టిన చక్రాలు కొనేటప్పుడు ఈ రెండూ చదవండి. గార్డు (చక్రాన్ని కప్పే రక్షణ రేకు) లేని మెషిన్, చెక్క కోసే పళ్ళ చక్రం తగిలించి అమ్మే గ్రైండర్ ఎవరికీ కొనివ్వకండి. కళ్ళద్దాలు మాత్రం తప్పక కొనండి.

కొట్టు దగ్గరే పరీక్షించండి

జేబులో చిన్న అయస్కాంతం, చిన్న ఆకురాయి వేసుకెళ్ళండి. పానాకు అయస్కాంతం అంటుకోకపోతే అది ఉక్కు కాదు, పైపూత మెరుపు చూసి మోసపోవద్దు. స్క్రూడ్రైవర్ కొన మీద ఆకురాయి ఒకసారి రాయనిమ్మని అడగండి. పొడి ఇట్టే రాలితే ఆ కొన మెత్తన. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర ఒకటి కొని ఇంటికెళ్ళి చూడండి, బాగుంటే మళ్ళీ వెళ్ళొచ్చు. ప్లయర్ మూసి వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. కోత అంచుల మధ్య వెలుతురు కనిపిస్తే సన్న తీగ కూడా తెగదు. స్క్రూపానా దవడను వేలితో అటూ ఇటూ ఆడించండి. సుత్తి తలను పట్టుకుని పిడి తిప్పండి, వీసమంత కదిలినా పక్కన పెట్టేయండి.

హ్యాక్సా ఫ్రేము చవకదైనా పని నడుస్తుంది, కోసేది బ్లేడు కాబట్టి. బ్లేడు మాత్రం మంచిది కొనండి. పలచటి పైపుకు అంగుళానికి 24 లేదా 32 పళ్ళది, దళసరి కడ్డీకి 18 పళ్ళది. పళ్ళు ముందుకు చూసేలా బిగించాలి.

బ్యాటరీ డ్రిల్లు అంకెలు నమ్మకండి

డ్రిల్లు బ్యాటరీ లోపల వరసగా పేర్చే లిథియం సెల్ సాధారణ వోల్టేజి 3.6 లేదా 3.7, నిండా ఎక్కితే 4.2. ఐదు సెల్లులు వరసగా పెడితే 18 వోల్టులు, నిండా ఎక్కినప్పుడు 21. కాబట్టి 18 అని రాసినదీ 21 అని రాసినదీ లోపల ఒకటే కావచ్చు. చిన్న బ్యాటరీ మీద 48, 88 అని పెద్ద అంకెలు కనిపిస్తే, అన్ని వోల్టులకు ఎన్ని సెల్లులు కావాలో లెక్కేసి చూడండి. అన్నీ అందులో పట్టవు. ఏడాదికి నాలుగుసార్లు వాడే ఇంటికి బ్యాటరీ డ్రిల్లు నా లెక్కలో దండగ. వాడకుండా ఖాళీగా పడేస్తే బ్యాటరీ చస్తుంది. 13 మిల్లీమీటర్ల చక్ (బిట్టును పట్టి ఉంచే భాగం) ఉన్న తీగ డ్రిల్లు ఎప్పుడు తీసినా సిద్ధంగా ఉంటుంది. ఇటుక గోడకు అది చాలు. స్లాబు, పిల్లర్ల జోలికెళ్ళాలంటే రోటరీ హ్యామర్ (తిరుగుతూ గట్టిగా దెబ్బ కొట్టే పెద్ద డ్రిల్లు) కావాలి. దాన్ని కొనకండి, అద్దెకు తెచ్చుకోండి లేదా మేస్త్రీని పిలవండి.

కత్తి, పార, గొడ్డలికి కమ్మరి దగ్గరికే వెళ్ళండి

కంపెనీ స్టిక్కరున్న పలచటి కత్తి కన్నా లారీ కమాను పట్టీతో కొట్టిన కత్తి ఎక్కువ కాలం మన్నుతుంది. మొండిబారితే మళ్ళీ కొలిమిలో కాల్చి, సాగగొట్టి ఇస్తారు. చవగ్గా వచ్చి, మంచిదీ అయిన పనిముట్టు ఇంకా ఇక్కడే దొరుకుతోంది. ఆ కొలిమి ఆరిపోకుండా ఉండాలంటే మనం వెళ్ళాలి.

ఇంటికొచ్చాక నూనె, షాపు నుంచి బిల్లు

బరంపురం వైపు సముద్రపు గాలికి కొత్త పానా కూడా త్వరగా తుప్పు పడుతుంది. మెషిన్ నూనె గుడ్డతో తుడిచి పెట్టండి.

సరిహద్దులో ఉన్నవాళ్ళం పాతపట్నంలోనో, శ్రీకాకుళంలోనో, విశాఖలోనో కొంటుంటాం. కరెంటు మెషిన్ కొంటే సర్వీసు సెంటర్ ఏ ఊళ్ళో ఉందో డబ్బు ఇవ్వక ముందే అడగండి. మోటారు లోపల అరిగే కార్బన్ బ్రష్షులు విడిగా దొరుకుతాయా అనీ అడగండి. అవి అరిగాయని మెషినే పారేసేవాళ్ళున్నారు. వారంటీ కార్డు మీద షాపు ముద్ర, తేదీ వేయించుకుని జీఎస్టీ బిల్లు తీసుకోండి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొన్న ఊరికే వెళ్ళక్కర్లేకుండా మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆంధ్రాలో కొన్న డ్రిల్లుకు పర్లాకిమిడిలో ఉంటూనే అడగొచ్చన్నమాట. దానికి ఆ బిల్లే ఆధారం.