క్రిమినల్ అప్పీల్లో వాదించడం ఎలా నేర్చుకోవాలి?

నాంపల్లి కోర్టుల్లో సాక్షిని క్రాస్‌లో (ఎదుటి పక్షం లాయరు వేసే ప్రశ్నల్లో) ముప్పుతిప్పలు పెట్టే లాయర్లు కూడా మూసీ ఒడ్డున హైకోర్టుకొచ్చి అప్పీలు వాదించాల్సి వస్తే తడబడుతుంటారు. అప్పీల్లో ఎదురుగా సాక్షి ఉండడు, కాగితాలుంటాయి. గొంతు కన్నా పేజీ నంబరుకే విలువెక్కువ. జూనియర్లు, లా విద్యార్థులు దీన్ని ఎలా సాధన చేయాలో చూద్దాం.

ముందు గడువు సంగతి. సెషన్స్ కోర్టు వేసిన శిక్ష మీద హైకోర్టుకు 60 రోజుల్లో, ఉరిశిక్షయితే 30 రోజుల్లో వెళ్లాలి. మేజిస్ట్రేటు శిక్ష మీద సెషన్స్ కోర్టుకు 30 రోజులు. తీర్పు కాపీ రావడానికి పట్టిన రోజుల్ని ఈ లెక్కలోంచి తీసేస్తారు. చర్లపల్లి, చంచల్‌గూడ లాంటి జైళ్లలో ఉన్నవాళ్లు జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపుకోవచ్చు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది కాబట్టి అప్పీలు సెక్షన్ 415, అప్పీలు తేలేదాకా శిక్ష నిలుపుదల 430. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇవి 374, 389. పాత తీర్పులన్నీ పాత నంబర్లతోనే ఉంటాయి, రెండూ నోటికి రావాలి.

ఇక చదవడం. చాలామంది సీనియర్లు తీర్పుతో మొదలుపెట్టమంటారు. నేను మాత్రం తీర్పును పక్కన పెట్టి సాక్ష్యాలు ముందు చదవమంటాను. తీర్పు ముందే చదివితే జడ్జిగారు చెప్పిన కథే బుర్రలో కూర్చుంటుంది, ఆ తర్వాత ఏ సాక్ష్యం చదివినా ఆ కథకు సరిపోయినట్టే కనిపిస్తుంది. ఛార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాలు, ఎగ్జిబిట్లు (రికార్డులోకెక్కిన పత్రాలు), ముద్దాయిని కోర్టు అడిగిన ప్రశ్నలు, చివర్లో తీర్పు. ఆ వరసలో వెళ్లండి.

చదువుతూ ఒక చార్టు రాసుకోండి. సాక్షి చీఫ్‌లో (తనను పిలిచిన పక్షం అడిగినప్పుడు) ఏమన్నాడు, క్రాస్‌లో ఏమన్నాడు, పోలీసులకు ఏం చెప్పాడు, ఏ పేజీలో. ఉదాహరణకు, పి.డబ్ల్యు.2 (ప్రాసిక్యూషన్ రెండో సాక్షి) రాత్రి పూట స్తంభం లైటు వెలుగులో ముద్దాయిని చూశానన్నాడనుకోండి. పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో లైటు ఊసే లేదు. వెంటనే సంబరపడకండి. ఆ సంగతి క్రాస్‌లో అతన్ని అడిగారా? దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు "అవును, లైటు గురించి నాకు చెప్పలేదు" అని ఒప్పుకున్నాడా? ఈ రెండూ రికార్డులో లేకపోతే ఆ పాయింటు చేజారినట్టే. అప్పుడు రఫ్ స్కెచ్ (ఘటనా స్థలం పటం) తీయండి. అధికారి స్వయంగా చూసి గీసిన దాంట్లో స్తంభమే లేదంటే, మీకు వాదన దొరికింది. కేసులు ఇలాంటి చోటే తిరుగుతాయి. తీర్పుల పుస్తకాల్లో వెతికితే ఇది దొరకదు.

తీర్పులు తక్కువ చాలు, కానీ క్షుణ్ణంగా చదవాలి. చూసిన సాక్షి లేని కేసులకు 1984 నాటి శరద్ బిర్ధిచంద్ సార్డా, కింది కోర్టు ముద్దాయిని నిర్దోషిగా వదిలేసిన కేసులకు 2007 నాటి చంద్రప్ప. ఈ రెండింటినీ హెడ్‌నోట్ (మొదట్లో ఇచ్చే సారాంశం) కాకుండా పేరా పేరా చదవండి.

నోరు తిరగడానికి మొదట శిక్ష నిలుపుదల పిటిషన్లు వాదించండి. వాదన చిన్నది, బెంచి ఏం అడుగుతుందో త్వరగా తెలిసొస్తుంది. సీనియర్ ఆఫీసులో జూనియర్లంతా కూర్చుని ఒకరు జడ్జిగా మధ్యమధ్యలో అడ్డుపడితే ఇంకా మంచిది. అన్నిటికన్నా బలమైన పాయింటుతో మొదలుపెట్టి, దానికి సంబంధించిన పేజీ చూపించండి. ప్రశ్న వస్తే "అక్కడికే వస్తున్నాను సార్" అనొద్దు, అప్పటికప్పుడే జవాబు చెప్పండి. రికార్డులో మీకు వ్యతిరేకంగా ఉన్నది అడిగితే ఒప్పుకోండి. దాచాలని చూస్తే పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఎలాగూ బయటపెడతారు, ఆ తర్వాత మీరు చెప్పే మిగతా మాటల్ని కూడా బెంచి అనుమానంగానే వింటుంది.

హత్య కేసుల్లో ఇంకో చిక్కుంది. అసలు నేరమే చేయలేదని వాదిస్తూ, చేశాడనుకున్నా అది హత్య కిందికి రాదు, పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 302 కాదు, హత్య కాని ప్రాణహరణానికి వర్తించే 304 అని కూడా చెప్పాలా? చెప్పొచ్చు, కానీ ముందు ఈ ముక్క ముద్దాయి కుటుంబానికి వివరించి ఒప్పించండి. కోర్టులో మాత్రం దాన్ని అన్నిటికన్నా చివర, రెండు నిమిషాల్లో ముగించండి.