బోరు నీళ్లలో సీసం, ఆర్సెనిక్ ఉన్నాయని అనుమానమా? ఇలా చేయండి

హైదరాబాద్ చుట్టుపక్కల పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల, కాటేదాన్ లాంటి పారిశ్రామికవాడల దగ్గర ఉంటూ బోరు నీళ్లే తాగుతున్నారా? సీసం, ఆర్సెనిక్, కాడ్మియం కలిసినా నీళ్ల రంగు మారదు, వాసన రాదు. టీడీఎస్ మీటరు చూసి ధీమాగా ఉండటం కూడా ప్రమాదమే. అది నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎన్ని ఉన్నాయో అంచనా వేస్తుంది, అంతే. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో సీసం 0.01 మిల్లీగ్రాము మించకూడదు. అంత చిన్న లెక్క ఆ మీటరుకు అందదు.

ముందు నీళ్లు వేరు చేయండి. రిపోర్టు కోసం ఆగొద్దు. తాగడానికి, వంటకు, పసిపిల్లల పాలపొడి కలపడానికి జలమండలి (నగర నీటి సరఫరా బోర్డు) నల్లా నీళ్లు వాడండి. బోరు నీళ్లు స్నానానికి, బట్టలకు సరిపోతాయి. చర్మం గుండా ఈ లోహాలు ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువ. చాలా అపార్ట్‌మెంట్లలో నల్లా నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు ఒకే సంపులో పడతాయి. మీ దగ్గరా అంతేనా అని వాచ్‌మన్‌ను అడగండి. అదే నిజమైతే వంటింటికి విడిగా నల్లా లైను వేయించమని అసోసియేషన్ మీటింగులో గట్టిగా పట్టుబట్టండి.

తర్వాత పరీక్ష. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబుకు వెళ్లి 'హెవీ మెటల్స్' టెస్టు కావాలని విడిగా అడగండి. మామూలు ప్యాకేజీలో ఇది ఉండకపోవచ్చు. సీసా ల్యాబువాళ్లు ఇచ్చిందే వాడాలి. రెండు శాంపిళ్లు పట్టండి: రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లు తెల్లారి ట్యాప్ తిప్పగానే ఒకటి, కాసేపు వదిలాక మరొకటి. మొదటిదాంట్లోనే సీసం ఎక్కువుంటే పైపుల్నో, ఇత్తడి ట్యాపుల్నో అనుమానించాలి. రెండింట్లోనూ ఉంటే బోరుదే కావచ్చు. రిపోర్టులో ఆర్సెనిక్‌కు కూడా 0.01, కాడ్మియానికి 0.003 మిల్లీగ్రాముల హద్దుతో పోల్చుకోండి.

మరిగించొద్దు. మరిగిస్తే క్రిములు చస్తాయి, లోహాలు పోవు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడతాయి. యూవీ ఫిల్టరు కూడా క్రిముల్నే చంపుతుంది, లోహాల్ని తీయదు. ఆర్వో బాగా తగ్గిస్తుంది, కానీ అందులోని మెంబ్రేన్ (వడపోసే పొర) టైముకు మార్చాలి. బిగించాక అందులోంచి వచ్చే నీళ్లను మళ్లీ టెస్టు చేయించండి. ఈ ఖర్చు దగ్గర చాలామంది వెనకాడతారు, దయచేసి వెనకాడొద్దు.

పిల్లలు, గర్భిణులు ఉంటే నీళ్లలో సీసం బయటపడగానే డాక్టరును కలిసి రక్తంలో సీసం పరీక్ష గురించి అడగండి. పిల్లల మెదడుకు సీసం ఎంత తక్కువైనా మంచిది కాదు. ఐరన్, కాల్షియం తక్కువున్న పిల్లల ఒంట్లోకి అది మరింత సులువుగా చేరుతుంది. అందుకే ఆకుకూరలు, పాలు, రాగులు, జామకాయ రోజూ పెట్టండి. డీటాక్స్ పొడుల జోలికి మాత్రం వెళ్లొద్దు. పెద్దవాళ్లకు అరచేతులు, అరికాళ్ల చర్మం గట్టిపడినా, ఒంటిమీద మచ్చలు వచ్చినా అది ఆర్సెనిక్ వల్ల కావచ్చు, ఎన్నేళ్లుగా బోరు నీళ్లు తాగుతున్నారో డాక్టరుకు చెప్పండి.

నల్లా నీళ్లలో తేడా కనిపిస్తే జలమండలి 155313కు ఫోన్ చేయండి. బోరులో లోహాలు తేలితే కాలుష్య నియంత్రణ మండలికి రిపోర్టు జతచేసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అదే గల్లీలో బోరు నీళ్లు తాగుతున్న పక్కింటివాళ్లకూ ఒక కాపీ ఇవ్వండి.