పెంచిన జీవాన్ని అమ్మే రోజు: కోతకు పెంచే గొర్రెలు, మేకల మీద మమకారాన్ని తట్టుకోవడం ఎలా

కోత కోసం పొట్టేళ్లనో, మేకపోతులనో, నాటుకోళ్లనో పెంచే ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరికి వాటి మీద మమకారం పడుతుంది. పొద్దున్నే దాణా పోసేవారికి, సాయంత్రం మండలు కొట్టుకొచ్చేవారికి, తల్లి చనిపోయిన పిల్లకు సీసాతో పాలు పట్టేవారికి అది మరింత ఎక్కువగా ఉంటుంది. అమ్మే రోజు దగ్గరపడేకొద్దీ అన్నం సహించకపోవడం, బేరగాడు వాకిట్లోకి రాగానే పెరటి దారిన బయటికి వెళ్లిపోవడం, డబ్బు చేతికి వచ్చిన తర్వాత కూడా తప్పు చేసినట్లు అనిపించడం జీవాల పెంపకం ఉన్న ఊళ్లలో అందరూ ఎరిగినవే. ఇలాంటప్పుడు మనసు రాయి చేసుకొమ్మని చెప్పే పెద్దలు చాలామంది ఉంటారు. ఆ సలహాతో నేను ఏకీభవించను. మనసు రాయి చేసుకున్నవారికి జీవం కుంటుతున్న సంగతి, మేత మానేసిన సంగతి ఆలస్యంగా తెలుస్తాయి; మందలో ఏది ఎలా ఉందో ముందుగా పసిగట్టేది మమకారం ఉన్నవారే. అందువల్ల ఆ మమకారాన్ని ఉంచుకుంటూనే అమ్మకాన్ని, కోతను ఎలా తట్టుకోవచ్చో, అందుకు మొదటి రోజు నుంచి ఏ ఏర్పాట్లు చేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఏది ఉంటుందో, ఏది పోతుందో ముందే తేల్చుకోవడం

చాలా ఇళ్లలో బాధకు అసలు కారణం జీవం పోవడం కంటే, అది పోతుందన్న సంగతి ఇంట్లో కొందరికి చివరి రోజు దాకా తెలియకపోవడమే. ఇంటి యజమాని మనసులో అది దసరాకు అమ్మే పోతు, పాలు పట్టిన ఇల్లాలి మనసులో అది ఇంట్లో మనిషి. ఈ రెండు లెక్కలూ బేరగాడి ముందు ఎదురుపడితే గాయం మిగులుతుంది. జీవం దొడ్డిలోకి వచ్చిన వారంలోనే అందరూ కూర్చుని, అది ఎందుకు వచ్చిందో, ఏ నెలలో వెళ్తుందో స్పష్టంగా మాట్లాడుకోవాలి.

తెలంగాణ ప్రభుత్వం 2017లో గొల్ల కురుమలకు గొర్రెల పంపిణీ ప్రారంభించినప్పుడు ఒక్కో యూనిట్ కింద 20 ఆడ గొర్రెలు, 1 పొట్టేలు ఇచ్చింది. పిల్లలు పెట్టించే మంద ఎక్కడైనా ఇంచుమించు ఇలాగే ఉంటుంది: ఆడవి ఏళ్ల తరబడి దొడ్డిలో ఉంటాయి, మగపిల్లల్లో ఒకటి రెండు మినహా అన్నీ ఏడాది తిరగకుండానే అమ్ముడుపోతాయి. మమకారం ఎటు పోవాలో ఈ ఏర్పాటే కొంత దారి చూపిస్తుంది. ఒళ్లు నిమరడం, పిలిచి మేత పెట్టడం, మువ్వ కట్టడం వంటివి తల్లి గొర్రెలతో, తల్లి మేకలతో పెంచుకుంటే ఆ అనుబంధానికి కొన్నేళ్ల ఆయుష్షు ఉంటుంది. ఉండేవాటికి ఒక రంగు పలుపు, పోయేవాటికి మరో రంగు పలుపు కట్టే ఇళ్లలో పిల్లలకు కూడా ఎవరూ వేరుగా చెప్పనక్కరలేకుండా విషయం అర్థమవుతుంది. పిల్లలు పెట్టించకుండా, మూడు నెలల వయసున్న పది పన్నెండు కిలోల పొట్టేలు పిల్లలను కొని, మూడు నాలుగు నెలలు మేపి అమ్మేవారు అమ్మే నెలను కొన్న రోజునే గోడ మీది క్యాలెండర్‌లో రాసిపెట్టుకోవాలి.

పేరు పెట్టకూడదని చాలామంది చెబుతారు. పేరు మానేసినంత మాత్రాన మనసు దూరం కాదని నా అభిప్రాయం. ముఖం చూసి వందల జీవాలను వేరుపరచగలిగే కాపరులు వాటిని నల్లది, బొల్లిది, చుక్కలది అని పిలుస్తూనే ఉంటారు. అది గుర్తుకు పనికివచ్చే పిలుపు. ఇంటి బిడ్డకు పెట్టే పేరు వేరు. పోయే జీవాన్ని ఒంటి రంగుతోనో, చెవి పోగు నంబరుతోనో పిలవడం సరిపోతుంది. పిల్లలు అప్పటికే ముద్దు పేరు పెట్టేసి ఉంటే దాన్ని మాన్పించాలని పోరు పెట్టవద్దు, ఎందుకంటే మాన్పించిన పేరు మరింత గట్టిగా గుర్తుంటుంది.

సీసాపాల పిల్ల

అన్నిటికంటే కష్టమైనది సీసాపాలతో పెరిగిన పిల్ల విషయం. ఈతలో తల్లి చనిపోయినా, కవల పిల్లల్లో ఒకదాన్ని తల్లి దగ్గరికి రానివ్వకపోయినా, దాన్ని బతికించే భారం మనిషి మీద పడుతుంది. పుట్టిన మొదటి గంటల్లోనే ముర్రుపాలు అందాలి. ఆ తర్వాత కొన్ని వారాల పాటు రోజుకు నాలుగైదు సార్లు పాలు పట్టాలి. పాలు తాగుతున్నంతసేపు ఆ పిల్ల తోక ఆగకుండా ఆడుతూ ఉంటుంది, మధ్యమధ్యలో తల్లి పొదుగును కుమ్మినట్లు మన మోకాలిని కుమ్ముతుంది, సీసా ఖాళీ అయిన తర్వాత వేలిని నోట్లోకి తీసుకుని చప్పరిస్తుంది. ఇన్ని రోజులు ఇలా గడిపిన మనిషికి, ఇది అమ్మకానికి పెరుగుతున్న జీవమేనని ఎవరైనా గుర్తుచేస్తే కోపం రావడం సహజం.

ఈ చిక్కును పుట్టిన రోజునే కొంత తగ్గించవచ్చు. అదే సమయంలో ఈనిన మరో తల్లి ఉంటే, దాని పాలనో, ఈత తడినో అనాథ పిల్ల ఒంటికి పూసి దాని దగ్గరికి వదలాలి. గొర్రె తన పిల్లను మొదట వాసన చూసే గుర్తుపడుతుంది కాబట్టి చాలాసార్లు ఈ ప్రయత్నం ఫలిస్తుంది. ఫలించనప్పుడు, పాలు పట్టే పని ఒక్కరి మీదే పడకుండా ఇంట్లో ఇద్దరు ముగ్గురు పంచుకోవాలి. పిల్లను వంటింటి మూలన పెంచకుండా, తోటి పిల్లలతో పాటు దొడ్డిలోనే ఉంచి, అక్కడికే సీసా తీసుకువెళ్లాలి. మనుషుల మధ్య పెరిగిన జీవం మందలో ఇమడలేక అరుస్తూ తిరుగుతుంది, ఆ అరుపు అమ్మే రోజున ఇంకా భరించలేనిదిగా ఉంటుంది.

అది ఆడపిల్ల అయితే దాన్ని అమ్మకుండా ఈతకు ఉంచుకోవడం మంచి నిర్ణయం, దానివల్ల నష్టం కూడా ఉండదు. మగపిల్ల అయితే, పిలిస్తే వచ్చే జీవం మందకు దారి చూపడానికి పనికివస్తుంది కాబట్టి, మేతకు వెసులుబాటు ఉన్నవారు విత్తు కొట్టించి ఉంచుకోవచ్చు. అలా ఉంచుకునేది ఒక్కటే అని ముందుగా హద్దు పెట్టుకోవాలి. ప్రతి సీసాపాల పిల్లనూ ఉంచేసుకుంటే రెండేళ్లకు పెంపకం నిలవదు, ఆ తర్వాత అప్పుల ఒత్తిడిలో అన్నింటినీ ఒకేసారి అమ్మాల్సి వస్తుంది.

పిల్లలతో ఏం చెప్పాలి

పసివారితో చెప్పకూడని అబద్ధం, పోతు వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిందని చెప్పడం. అయిదారేళ్ల లోపు పిల్లలకు చావు తిరిగిరానిదన్న అవగాహన పూర్తిగా ఏర్పడదు కనుక, వారు ఆ మాట నమ్మి వారాల తరబడి ఎదురుచూస్తారు. కాస్త పెద్దయ్యాక బడిలోనో, వీధిలోనో నిజం తెలిసినప్పుడు, జీవం పోయిన దుఃఖంతో పాటు ఇంటివాళ్లు మోసం చేశారన్న బాధ కూడా మొదలవుతుంది. దాన్ని అమ్మేశామని, మాంసానికి కోస్తారని, అది మళ్లీ రాదని చిన్న మాటల్లో చెప్పి, ఏడిస్తే ఏడవనివ్వాలి. ఇంటి జీవం మాంసాన్ని చెప్పకుండా కంచంలో వడ్డించడం అంతకంటే పెద్ద తప్పు. బిడ్డ ఆ రోజు తిననంటే పప్పన్నం పెట్టాలి, దాని గురించి బంధువుల ముందు వేళాకోళం చేయకూడదు.

పెద్దవారికీ ఇదే వర్తిస్తుంది. తాము పెంచిన కోడిని తాము కోసుకోలేక పక్కింటికి అమ్మి, ఆ డబ్బుతో కొట్టు నుంచి మాంసం తెచ్చుకునే ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. అందులో దాచుకోవలసింది ఏమీ లేదు. చేత్తో మేపిన జీవానికీ, పరిచయం లేని జీవానికీ మనసు తేడా చూపిస్తుంది, ఆ తేడాను గౌరవించడం వల్ల ఎవరికీ నష్టం లేదు.

బయానా తీసుకునే ముందు

మనసు మార్చుకునే హక్కు బయానా, అంటే బేరం ఖాయం చేసే ముందస్తు డబ్బు, తీసుకునేదాకా మాత్రమే ఉంటుంది. 2022లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఒక చిన్నపాప తాను పెంచిన మేకను శాస్తా జిల్లా సంతలో వేలానికి పెట్టిన తర్వాత ఇవ్వలేనని ఏడ్చింది. కుటుంబం దాన్ని వెనక్కి తీసుకుని దూరంగా దాచింది. పోలీసులు వెళ్లి ఆ మేకను పట్టుకొచ్చారు, చివరికి దాన్ని కోసేశారు. కోర్టుకు వెళ్లిన కుటుంబానికి 2024లో 3 లక్షల డాలర్ల పరిహారం ఒప్పందం కుదిరింది కానీ మేక దక్కలేదు. పిల్లలను ఇలాంటి పశు ప్రదర్శనల్లో చేర్చే తెలుగు కుటుంబాలు అక్కడ కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఉంచుకోవాలనుకున్న జీవం ఉంటే బేరగాడు దొడ్డిలోకి రాకముందే దాన్ని వేరే చోట కట్టేయాలి.

అమ్మేటప్పుడు మీ చేతిలో ఉన్న పని, ఆ జీవం చివరి ప్రయాణం భయం లేకుండా సాగేలా చూడటం. నా దృష్టిలో మమకారానికి అన్నిటికంటే మంచి వినియోగం ఇదే. మందలో బతికే గొర్రెకు ఒంటరితనం భయంకరమైనది. బ్రిటన్‌లోని శాస్త్రవేత్తలు 2001లో ప్రచురించిన పరిశోధనలో గొర్రెలు 50 తోటి గొర్రెల ముఖాలను రెండేళ్లకు పైగా గుర్తుంచుకున్నాయని తేలింది. కాబట్టి ఒక్కదాన్ని విడదీసి పంపకుండా, వీలైతే కలిసి పెరిగినవాటిని రెండు మూడింటిని ఒకే కొనుగోలుదారుకు అమ్మండి. కాళ్లు కట్టి బైకు మీద అడ్డంగా వేసుకుపోయే వారికి ఇవ్వవద్దు. వంద రెండు వందలు తక్కువైనా ఆటోలోనో, ట్రాలీలోనో నిలబెట్టి, కింద గడ్డి పరిచి తీసుకువెళ్లేవారినే ఎంచుకోండి. దూర ప్రయాణమైతే, 1978 నాటి పశు రవాణా నియమాల ప్రకారం ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉందని పశువైద్యుడి ధ్రువపత్రం అవసరం. బయలుదేరే ముందు కడుపునిండా నీళ్లు పట్టండి. పలుపు విప్పి ఇంట్లోనే ఉంచుకుని, కొన్నవారి తాడుతో పంపే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అలా చేయడం మనసుకు కాస్త ఊరటనిస్తుంది.

అది ఎక్కడికి వెళ్తోందో అడగడానికి మొహమాటపడవద్దు. 2001 నాటి కబేళా నియమాల ప్రకారం చూడి జీవాలను, మూడు నెలల లోపు పిల్లలను, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లులను కోయకూడదు. ఒక జీవాన్ని ఇతర జీవాల కళ్ల ముందు కోయకూడదు. ఈతలు అయిపోయిన ముసలి గొర్రెను అమ్మేటప్పుడు చూడి ఉందో లేదో పశువైద్యుడితో చూపించుకోవడం మీ బాధ్యత. నిజానికి అందరినీ ఎక్కువగా కుంగదీసేది ఈ ముసలి తల్లుల అమ్మకమే. అయిదారేళ్లు ఇంటికి పిల్లలనిచ్చిన జీవాన్ని పంపడానికి మనసొప్పకపోతే, దాని మేత ఖర్చును ముందే పెంపకం ఖర్చుల్లో వేసుకుని ఉంచుకోవడం ఒక మార్గం. అది కుదరనప్పుడు, పళ్లన్నీ ఊడి బక్కచిక్కి మేత నమలలేని స్థితి వచ్చేదాకా ఆగకుండా, ఒంట్లో సత్తువ ఉండగానే పంపడం దానికి మేలు.

పండుగ యాట, బక్రీదు మేక

బోనాలకో, మల్లన్న మొక్కుకో, బక్రీదుకో తెచ్చిన జీవం కొన్నిరోజులు ఇంటి ముందు ఉంటుంది, ఆ కొద్ది రోజుల్లోనే పిల్లలు దానితో ఆడుకుని దగ్గరవుతారు. అమ్మవారికి యాటను, అంటే గొర్రెనో మేకనో, మొక్కే చోట పసుపు కుంకుమలు పెట్టి, వేపమండ వేసి, నీళ్లు చల్లి, అది ఒళ్లు విదిలించేదాకా ఆగే ఆచారం ఉంది. ఇస్లాం సంప్రదాయంలో జీవం కళ్ల ముందు కత్తి నూరకూడదని, ఒకదాని ఎదుట మరొకదాన్ని కోయకూడదని నియమం ఉంది. హడావిడిలో ఈ ఆగడం, ఈ నియమం తప్పిపోకుండా చూడండి. జీవాన్ని తొందరపెట్టకుండా నిలిపి ఉంచిన ఆ కొన్ని నిమిషాలు పెంచినవారి మనసుకు కూడా అవసరం. ఇంట్లో ఎవరికైనా చూడటం ఇష్టం లేకపోతే ఆ సమయంలో వారిని పక్క ఇంటికి పంపాలి. ధైర్యం వస్తుందని పిల్లలను దగ్గర నిలబెట్టడం ఏ రకంగానూ మంచిది కాదు. కోత బాగా తెలిసినవారితో, పదునైన కత్తితో చేయించడం తప్పనిసరి.

అమ్మిన తర్వాత

మర్నాడు సాయంత్రం అలవాటుగా ఒక మోపు మండలు ఎక్కువ కొట్టుకొస్తారు, ఖాళీ గుంజ దగ్గరికి వెళ్లి ఆగిపోతారు. ఇది కొన్ని రోజులు ఉంటుంది. ఆ వారంలో కొత్త జీవాన్ని వెంటనే తెచ్చి ఆ గుంజకు కట్టవద్దు. కొట్టం అడుగు మట్టిని పైపొర గీకి తీసేసి, సున్నం చల్లి, గోడలకు సున్నం వేసి, పది పదిహేను రోజులు ఎండనివ్వండి. వ్యాధుల నివారణకు పశువైద్యులు చెప్పే ఈ విరామం మనసుకు కూడా పనికివస్తుంది. వచ్చిన డబ్బులో కొంత, చిన్న మొత్తమైనా సరే, దొడ్డిలో మిగిలిన జీవాలకు ఖర్చు పెట్టండి: చిటుకు రోగం (జీవం ఉన్నట్టుండి చనిపోయే జబ్బు) టీకా, నట్టల మందు, కారుతున్న కప్పుకు రేకు. మిగతావాటికి జబ్బు చేస్తే తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

నిద్ర పట్టకపోవడం, పని మీద మనసు నిలవకపోవడం, తప్పు చేశానన్న ఆలోచన వదలకపోవడం రెండు వారాలు దాటితే దాన్ని చిన్న విషయంగా కొట్టిపారేయకూడదు. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులో ఉచితంగా మాట్లాడవచ్చు; జీవం కోసం ఏడుస్తున్నామని చెప్పడానికి సిగ్గుపడనక్కరలేదు. ప్రతి అమ్మకం తర్వాతా ఇదే పరిస్థితి తిరిగి వస్తుంటే, కోత కోసం పెంచడం మీకు సరిపడే పని కాదేమో ఇంట్లో కూర్చుని ఆలోచించాలి. పాల మేకలు, గుడ్ల కోసం నాటుకోళ్లు, ఈత కోసం ఆడపిల్లలను పెంచి ఇతర రైతులకు అమ్మడం వంటి దారులు ఉన్నాయి. వాటిలోనూ మగపిల్లలు పుడతాయి, వాటిని ఏం చేయాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది, కాబట్టి దారి మార్చేముందు ఆ లెక్క కూడా రాసుకోండి: ఏడాదికి ఎన్ని పుడతాయి, ఎన్నింటిని ఉంచుకోగలరు, మిగిలినవాటిని ఎవరికి, ఏ వయసులో ఇస్తారు.