ఇంటరప్టులు, 4వ పాఠం: ఒక్క కీ నొక్కితే

ఇంటరప్టు అంటే ప్రాసెసర్ చేస్తున్న పనిని మధ్యలో ఆపి వేరే పనికి పిలిచే కబురు. పోయిన పాఠంలో, ఏ ఇంటరప్టు వస్తే ఏ చిరునామాకు దూకాలో చెప్పే 256 గదుల ఐడీటీ పట్టిక నింపి, పరికరాల కబుర్లను ప్రాసెసర్‌కు చేరవేసే పిక్ చిప్ లైన్ల నంబర్లను 32 నుంచి మొదలయ్యేలా మార్చాం. ఈ మార్పు ఎందుకో అప్పుడు చెప్పలేదు. కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే బయాస్, టైమర్‌కు 8వ నంబరు ఇచ్చి వదిలేస్తుంది. మన కోడ్ నడిచే 32-బిట్ ప్రొటెక్టెడ్ మోడ్‌లో 8 అంటే డబుల్ ఫాల్ట్, అంటే ఒక లోపాన్ని చూసుకోబోతుండగా ఇంకో లోపం రావడం. నంబర్లు మార్చకపోతే మామూలు టైమర్ టిక్కు కూడా పెద్ద ప్రమాదంలా కనిపిస్తుంది.

ఇప్పుడు 'ఎ' కీ నొక్కండి. కీబోర్డు 1వ లైను మీద పిక్‌కు కబురు పెడుతుంది, పిక్ ప్రాసెసర్‌ను తడుతుంది. ప్రాసెసర్ చేతిలో ఉన్న ఇన్‌స్ట్రక్షన్ పూర్తి చేసుకుని, ఫ్లాగులు (ప్రాసెసర్ స్థితి), సీఎస్, ఈఐపీ (ఈ రెండూ కలిసి ఆగిన చోటు చిరునామా) ఈ మూడింటినీ స్టాక్‌లో దాచి, 33వ గదిలో ఉన్న చిరునామాకు దూకుతుంది. అది దాచేది ఈ మూడే! మిగతా రిజిస్టర్లను దాచే బాధ్యత మనదే. ఒక్కటి మరిచినా, మధ్యలో ఆగిన ప్రోగ్రాము లెక్క ఎక్కడో తప్పుతుంది, అదీ ఎప్పుడో ఒకసారి. ఇలాంటి బగ్గును పట్టుకోవడం చాలా కష్టం. అందుకే హ్యాండ్లర్‌లో, అంటే ఆ చిరునామాలో మనం రాసే కోడ్‌లో, మొదటి లైను రిజిస్టర్లను దాచే పుషాడ్, చివర్లో వాటిని తిరిగి తెచ్చే పోపాడ్, ఆ తర్వాత ఆగిన చోటికి వెనక్కి పంపే ఐరెట్. మామూలు రెట్ పెడితే ఫ్లాగులు వెనక్కి రావు.

మధ్యలో చేయాల్సింది కొంచెమే. హెక్సా 60 పోర్టు నుంచి స్కాన్ కోడ్ (ఏ కీ అని చెప్పే నంబరు) చదవండి. 'ఎ' నొక్కితే 30, వదిలితే 158 వస్తుంది. దాన్ని బఫర్‌లో వేసి, హెక్సా 20 పోర్టుకు హెక్సా 20 రాయండి. 'నా పని అయింది' అని పిక్‌కు చెప్పడం అన్నమాట. దీన్నే ఈఓఐ అంటారు.

కోడ్‌ను అక్షరంగా మార్చడం, తెర మీద చూపడం హ్యాండ్లర్‌లో పెట్టకండి. ఐడీటీ గదిలో మనం పెట్టిన నమోదు (గేటు), హ్యాండ్లర్ నడిచినంతసేపూ ఇంటరప్టులను ఆపేసి ఉంచుతుంది. ఆ సమయంలో ఒక్కో లైనుకు ఒక్క కబురునే పిక్ గుర్తుంచుకుంటుంది. సెకనుకు 100 టిక్కులున్నప్పుడు హ్యాండ్లర్ 50 మిల్లీసెకన్లు తీసుకుంటే నాలుగు టిక్కులదాకా గల్లంతు, గడియారం వెనకబడుతుంది.

నేను మొదటిసారి రాసినప్పుడు మొదటి కీ పనిచేసింది, రెండోది లేదు. గడియారం మాత్రం చక్కగా నడుస్తోంది. రాత్రంతా టెన్షన్. చివరికి చూస్తే ఈఓఐ లైనే లేదు. 1వ లైను పని పూర్తికాలేదని పిక్ అనుకుంటోంది. టైమర్‌ది 0వ లైను, దానికి ప్రాధాన్యం ఎక్కువ కాబట్టి అది మాత్రం వస్తూనే ఉంది.

అభ్యాసం: హెక్సా 60 పోర్టు చదవడం మానేసినా కీబోర్డు ఇలాగే మూగబోతుంది. రెండు తప్పులూ ఒక్కొక్కటిగా కావాలనే చేసి, 4వ లైనులోని సీరియల్ పోర్టు పనిచేస్తోందో లేదో చూడండి. ఒక తప్పులో అది కూడా ఆగిపోతుంది, ఇంకోదానిలో ఆగదు. ఏది ఎందుకో రాసుకుని 5వ పాఠానికి రండి.