జపనీస్ రాక్ పాటలో సాబి దాకా ఆగండి
జపనీస్ రాక్‌ను కొత్తగా వినేవారు యానిమే (జపనీస్ యానిమేషన్ ధారావాహిక) ఆరంభంలో వచ్చే సుమారు 90 సెకన్ల ముక్కతో సరిపెట్టుకోకుండా, అదే పాటను పూర్తి నిడివిలో వినాలి. అక్కడి సంగీతకారులు పాటను ఎ-మెలో, బి-మెలో, సాబి అని విభజించుకుంటారు. మొదటిది భావాన్ని నెమ్మదిగా పరుస్తుంది, రెండవది ఉత్కంఠను పెంచుతుంది, ఆ బిగువంతా మన పల్లవిలా మళ్లీ మళ్లీ వచ్చే సాబిలో ఒక్కసారిగా ఎగసిపడుతుంది. ఏషియన్ కుంగ్-ఫు జనరేషన్ బృందం 2004లో విడుదల చేసిన 'రీరైట్' పాటతో మొదలుపెట్టండి. జపనీస్ మాటలు కూడా తెలుగులాగే ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి కనుక (నాకు ఈ పోలిక ఎంతో ఆత్మీయంగా తోస్తుంది), సాహిత్యాన్ని మన లిపిలో రాసుకుని పాటతోపాటు పాడితే, అర్థం తెలియకముందే సాబి నోటికి వచ్చేస్తుంది.